సింగనలెందరు? – ఒకే పేరుగల కవుల గుర్తింపును గురించి

బాబ్లీ అన్న పేరు పత్రికలు చదివే తెలుగువారికి కొత్త కాదు. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, గోదావరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. అక్కడ నిర్మించిన బరాజ్ విషయమై రెండు రాష్ట్రాల మధ్య సాగిన వివాదం 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. అయితే మేమిక్కడ ఆ ఊరిని తలచుకుంటున్నది నీటి కోసం కాదు, అక్కడి విద్యార్థుల కోసం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు ప్రాంతాలలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ పలికే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 1956 దాకా ఆ ప్రాంతమూ, నిజామాబాదూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. అటువైపు నుండి తెలుగు చదువుకోవడానికి వచ్చే విద్యార్థులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "సింగన అంటే ఏ సింగనండీ?" ప్రశ్న చిన్నదే. కాని దానికి సరైన సమాధానం చెప్పాలంటే సాహిత్య చరిత్రను ఎట్లా చదవాలన్న పెద్ద విషయంలోకి పోవలసి వస్తుంది.

బాబ్లీకి దగ్గరగా వినిపించే పేరు ప్రపంచ వాఙ్మయంలో మరొకటి ఉంది. యూదుల ధర్మశాస్త్ర చర్చల మహాసంకలనానికి తల్మూద్ అని పేరు. అందులో రెండు పాఠాలున్నాయి. పాలస్తీనాలో రూపొందినది ఒకటి, తెలుగు బైబిలు బబులోను అని పిలిచే దేశంలో రూపొందినది మరొకటి. ఈ రెండవదానిని హీబ్రూలో తల్మూద్ బవ్లీ అంటారు. బాబ్లీకీ బవ్లీకీ చెవికి వినిపించే పోలిక తప్ప ఏ సంబంధమూ లేదు. పేరు పోలికను బట్టి సంబంధం కల్పించరాదన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట కనుక, దానికి మొదటి ఉదాహరణగా ఇది పనికివస్తుంది.

బవ్లీని ప్రస్తావించడానికి మరొక కారణం కూడా ఉంది. ఒకే పేరుగల పండితుల చిక్కు ఆ గ్రంథంలో ఉన్నంతగా మరెక్కడా కనిపించదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నా మూలగ్రంథం. దానిపై తరువాతి మూడు నాలుగు వందల ఏళ్ళపాటు జరిగిన చర్చ గెమారా. రెండూ కలిస్తే తల్మూద్. ఇందులో వందలాది రబ్బీల అభిప్రాయాలు వారి వారి పేర్లతో కనిపిస్తాయి. అభిప్రాయం చెప్పినవాని పేరు చెప్పితీరడం ఆ సంప్రదాయంలో గొప్ప ధర్మం. కాని పేర్లు కొన్నే, పండితులు ఎందరో. మిష్నాలో ఊరికే 'రబ్బీ ఎలియాజరు' అని ఉంటే అతడు షమ్మువా కుమారుడు. గెమారాలో అదే 'రబ్బీ ఎలియాజరు' పెదాత్ కుమారుడు. ఇద్దరి మధ్య నూరేళ్ళకు పైగా దూరం. మిష్నాలో 'రబ్బీ యూదా' అంటే ఇలాయి కుమారుడు. ఏ పేరూ లేకుండా 'రబ్బీ' అని మాత్రమే అంటే మిష్నాను సంకలించిన యూదా. 'రవ్ యూదా' అంటే బబులోనులోని యెహెజ్కేలు కుమారుడు. రబ్బీ, రవ్ అన్న బిరుదులలోని చిన్న తేడాయే మనిషి ఏ దేశంవాడో చెబుతుంది. మొదటిది ఎక్కువగా పాలస్తీనా పండితులకూ, రెండవది బబులోను పండితులకూ చెల్లింది.

తాత పేరు మనుమనికి పెట్టడం ఆ ఇళ్ళలోనూ ఉండేది. తెలుగు బైబిలు చదివినవారికి పౌలు గురువుగా తెలిసిన గమలీయేలు ఆ పేరుగల పెద్దలలో మొదటివాడు. అతని మనుమడు మరొక గమలీయేలు. మిష్నా సంకలనకర్త కుమారుడు ఇంకొక గమలీయేలు. ఈ గమలీయేలుల మధ్య తేడా తెలియకపోతే ఏమవుతుంది? ఇద్దరు పండితులు విభేదించినప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్నది వారెవరన్న దానిమీద, ఏ తరంవారన్న దానిమీద ఆధారపడుతుంది. సాధారణంగా గెమారా కాలపు పండితుడు మిష్నా కాలపు పండితుని మాటను ఊరికే కాదనడు. కనుక పేరు తప్పుగా పోల్చుకుంటే తీర్పే తప్పుతుంది. అందుకే మధ్యయుగ వ్యాఖ్యాతలు ఒకే పేరుతో ఉన్న రెండు మాటలకు కాలం కుదరనప్పుడు, ఈ పేరుగలవారు ఇద్దరున్నారని తేల్చవలసి వచ్చింది. 987లో బబులోను ఆచార్యుడు షెరీరా వ్రాసిన ప్రసిద్ధమైన లేఖ మొదలుకొని, 1910లో ఆరన్ హైమన్ ప్రకటించిన పండిత చరిత్రల వరకు ఎవరు ఏ తరంవారో విడదీసే పని సాగింది. తండ్రి పేరు, ఊరు, గురువు, శిష్యులు, బిరుదు, మాట్లాడిన తోటివారు – ఇవే వారు వాడుకున్న ఆధారాలు.

మన సంగతికి వద్దాం. తెలుగు కవుల పేర్లూ ఇట్లాగే కొన్నే. తిక్కన, భాస్కరుడు, మల్లన, సోమన, పెద్దన, సింగన – వీటిలో ఏ పేరు తీసుకున్నా ఒకరితో ఆగదు. అందరికీ తెలిసిన జంట తిక్కనలది. మంత్రి భాస్కరుని కుమారులలో కొమ్మన కొడుకు కవి తిక్కన, సిద్ధన కొడుకు ఖడ్గ తిక్కన. అన్నదమ్ముల బిడ్డలే అయినా ఒకరు భారతం వ్రాశారు, మరొకరు కత్తి పట్టారు. పేరుకు ముందు చేరిన మాట వల్ల ఇక్కడ చిక్కు లేదు. వారి తాత భాస్కరుని దగ్గరకు వెళితే మాత్రం చిక్కు మొదలవుతుంది. భాస్కర రామాయణంలో ప్రధాన కవి హుళక్కి భాస్కరుడా, మంత్రి భాస్కరుడా అన్న చర్చ మన పండితులలో చాలాకాలం నడిచింది. భాస్కర శతకం దగ్గర పేరు పూర్తిగా మోసం చేస్తుంది. అక్కడ భాస్కరుడు కవి కాదు, కవి సంబోధించిన సూర్యభగవానుడు. కవి మారవి వెంకయ్య.

అల్లసాని పెద్దన ఒకరు, కావ్యాలంకార చూడామణి వ్రాసిన విన్నకోట పెద్దన మరొకరు. బసవపురాణ కర్త పాల్కురికి సోమనాథుడు ఒకరు, ఉత్తర హరివంశ కర్త నాచన సోమన మరొకరు. ఇక్కడ ఇంటిపేరే మనకు దిక్కు. యూదు పండితులకు తండ్రి పేరు చేసిన పనిని తెలుగులో ఎక్కువగా ఇంటిపేరు చేసింది. ఇంటిపేరు ఒక్కటే సరిపోని సందర్భాలూ ఉన్నాయి. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానాలు వ్రాసిన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమలోని కొల్చారం వాడని ప్రసిద్ధి. ఆయన తాత పేరూ మల్లినాథుడే. ఇంటిపేరూ ఒకటే, పేరూ ఒకటే. ఇక్కడ తరం తెలిస్తే తప్ప మనిషి తెలియడు.

ఇప్పుడు సింగనలను చూద్దాం. సింహమన్న మాట నుండి, నరసింహస్వామి భక్తి నుండి వచ్చిన పేరు కనుక ఇది తెలుగుదేశం నాలుగు మూలలా వ్యాపించింది. పైగా ఇది ఒకే రూపంలో నిలవదు. సింగన, సింగయ, సింగనార్యుడు, సింగనామాత్యుడు – పద్యంలో ఛందస్సుకు ఏది ఇమిడితే అది పడుతుంది. రూపం వేరైనంత మాత్రాన మనిషి వేరు కాడు. రూపం ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడూ కాడు.

మొదటివాడు మడికి సింగన. అయ్యలమంత్రి కుమారుడు. బాబ్లీ దగ్గర పారే గోదావరే కొంత దిగువకు వచ్చి, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగిరి సీమను తాకుతుంది. ఆ రామగిరి ప్రభువు మంత్రి కందనామాత్యునికి ఇతడు పద్మపురాణోత్తర ఖండాన్ని అంకితమిచ్చాడు. భాగవత దశమస్కంధాన్ని ద్విపదలో వ్రాశాడు. జ్ఞానవాసిష్ఠ రామాయణం, సకలనీతి సమ్మతం ఇతనివే.

రెండవవాడు ఏర్చూరి సింగన. శ్రీవత్స గోత్రుడు, కసువయామాత్యుని కుమారుడు. పోతన భాగవతంగా మనం చదువుకొనే గ్రంథంలో షష్ఠస్కంధం ఇతనిది. మూడవవాడు ఘంట సింగయ. మేనమామ నంది మల్లయతో కలిసి ప్రబోధచంద్రోదయం, వరాహపురాణం వ్రాసి, తెలుగులో జంటకవిత్వానికి తొలి పేరుగా నిలిచినవాడు. వీరు కాక రేచర్ల వెలమ ప్రభువులలో సింగభూపాలులున్నారు. ఆ వంశంలో ఈ పేరు తరం విడిచి తరం మళ్ళీ మళ్ళీ వచ్చింది. రసార్ణవ సుధాకరమనే లక్షణగ్రంథం ఒక సింగభూపాలుని పేర వెలసింది. పోతన రచనగా చెప్పే భోగినీ దండకంలోని నాయకుడు సింగభూపాలుడు. ఆ సింగడూ ఈ సింగడూ ఒకడేనా, తాతా మనుమలా అన్నది పోతన కాలనిర్ణయంతో ముడిపడిన ప్రశ్న.

చిక్కు ఎక్కడుందో గమనించండి. మొదటి ఇద్దరు సింగనలూ భాగవతాన్ని తెలుగు చేసినవారే. "సింగన భాగవతం వ్రాశాడు" అని పరీక్షలో ఒక విద్యార్థి వ్రాస్తే అది తప్పు కాదు, ఒప్పూ కాదు. దశమస్కంధమా షష్ఠస్కంధమా, ద్విపదా పద్యమా, అయ్యలమంత్రి కొడుకా కసువయామాత్యుని కొడుకా అన్నది చెప్పినప్పుడే ఆ వాక్యానికి అర్థం. ఇక పోతన చుట్టూ అల్లుకున్న కథలో సింగలు ఇద్దరు ఎదురుపడతారు. భాగవతాన్ని తనకు అంకితమివ్వలేదన్న కోపంతో సర్వజ్ఞ సింగభూపాలుడు ప్రతిని భూమిలో పాతిపెట్టించాడని జనశ్రుతి. శిథిలమైన భాగాలను పూరించినవారిలో ఒకడు ఏర్చూరి సింగన అని సంప్రదాయం. పాతిపెట్టించిన కథ నిజమో కాదో గాని, పూరించిన సింగన పని మాత్రం మన చేతిలో ఉన్న పుస్తకంలో ఉంది.

అయినా ఆ సింగన మనకు కనబడడు. ముఖపత్రం మీద ఉండేది పోతన పేరే. పంచమస్కంధం గంగనది, షష్ఠస్కంధం సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి అని తరగతిలో ఒకసారి చెబుతాం, ఆ తరువాత మరచిపోతాం. పోతన భక్తిని గురించి వ్యాసం వ్రాయమంటే గజేంద్రమోక్షం, ప్రహ్లాద చరిత్ర, రుక్మిణీ కల్యాణం సరసనే అజామిళోపాఖ్యానాన్ని కూడా చేర్చి వ్రాసే విద్యార్థులను మేము ఎందరినో చూశాం. విద్యార్థులనే ఏల, విమర్శ వ్యాసాలలో సైతం ఇది కనిపిస్తుంది. మొదటి మూడూ అష్టమ, సప్తమ, దశమ స్కంధాలలోనివి. అజామిళుని కథ షష్ఠస్కంధంలోనిది. దానిని తెలుగులో చెప్పినవాడు సింగన. వృత్రాసురుని కథ, చిత్రకేతువు కథ కూడా అక్కడివే. ఆ పద్యాలను పట్టుకొని పోతన శైలిని, పోతన శబ్దాలంకార ప్రీతిని నిర్ణయిస్తే ఆ నిర్ణయం ఎవరిని గురించినది? ఒకరి కంఠం విని మరొకరిని మెచ్చుకొన్నట్లే.

అజామిళుని కథ మన ప్రశ్నకు మరొక విధంగా కూడా దగ్గరది. ఆచారం తప్పి బ్రతికిన అజామిళుడు చావు ముంచుకొచ్చిన వేళ ముద్దుల చిన్నకొడుకును నారాయణా అని పిలిచాడు. కొడుకు పేరూ, దేవుని పేరూ ఒకటే. ఆ పిలుపు వైకుంఠానికి చేరింది. విష్ణుదూతలు వచ్చి యమదూతలను అడ్డుకొన్నారు. పిలిచింది కొడుకునే, కాని ఆ పేరు పలికినందువల్లనే పాపం పోయిందన్నది విష్ణుదూతల వాదం. భక్తిమార్గంలో పేరు పెద్దవానికి చేరడం అనుగ్రహం. సాహిత్య చరిత్రలో మాత్రం చిన్నవాని పేరు మీది పని పెద్దవానికి చేరడం అన్యాయం. షష్ఠస్కంధ కర్తకు మనం చేస్తున్నది సరిగ్గా ఇదే. ఆయన చెప్పిన కథనే ఆయనకు దక్కకుండా చేస్తున్నాం.

ఇది ఎవరో కావాలని చేసినది కాదు. పేరున్న కవి అయస్కాంతం వంటివాడు. చుట్టుపక్కల ఉన్న చిన్నవన్నీ అతనికే అంటుకొంటాయి. మహారాష్ట్రలో చదివే మన విద్యార్థులకు ఇది తెలిసిన సంగతే. నాందేడ్ పక్కనున్న హింగోలి జిల్లాలోని నర్సీతో ముడిపడిన సంత్ నామదేవుని అభంగాలలో, ఆయనకు రెండు శతాబ్దాల తరువాతి విష్ణుదాస నామా అభంగాలు కలిసిపోయి, విడదీయడం మరాఠీ పండితులకు పెద్ద పని అయింది. తెలుగులో వేమనను కొండవీటి రెడ్డిరాజుల ఇంటివానిగా చెప్పే కథలకు, ఆ వంశంలో అనవేముడు, పెదకోమటి వేముడు వంటి పేర్లు ఉండడం ఊతమైంది. మకుటంలో వేమ అన్న మాట ఉన్న పద్యమల్లా ఆ ఒక్క కవి ఖాతాలోకే పోయింది.

దీనికి ఎదురుదారిన పోయే పొరపాటూ ఉంది. కుదరని విషయం కనబడగానే, ఇది మరొక సింగనదై ఉంటుందని మనిషిని రెండుగా చీల్చడం. జ్ఞానేశ్వరి వ్రాసిన జ్ఞానదేవుడు వేరు, అభంగాలు పాడిన జ్ఞానదేవుడు వేరు అని పంతొమ్మిదో శతాబ్ది చివర మరాఠీలో శివరాం ఏకనాథ్ భారదే వాదించారు. చర్చ గట్టిగా జరిగింది గాని, ఎక్కువమంది దానిని అంగీకరించలేదు. పోతన విషయంలో మనకు ఒకే కవికి రెండు ఊళ్ళు వచ్చాయి. ఓరుగల్లు సీమ బమ్మెర అని కొందరు, కడప సీమ ఒంటిమిట్ట అని వీరేశలింగం గారు మొదలైనవారు. ఊరు రెండయినంత మాత్రాన పోతనలు ఇద్దరు కారు. కలపడానికి ఎంత ఆధారం కావాలో విడదీయడానికీ అంతే ఆధారం కావాలి.

ఆధారమంటే ఏది? మన కవులు మనకొక మంచి సాధనం వదిలి వెళ్ళారు. అది ఆశ్వాసాంత గద్యం. ఆశ్వాసమో స్కంధమో ముగిసిన ప్రతిచోటా కవి తన తండ్రి పేరు, గోత్రం, బిరుదు, ఒక్కొక్కచోట గురువు పేరు చెప్పుకొంటాడు. గంగన బొప్పనామాత్యుని కుమారుడని, షష్ఠస్కంధ కర్త కసువయామాత్యుని కుమారుడని మనకు తెలిసింది గద్యాల వల్లనే. నారయ తాను పోతనకు ప్రియశిష్యుడనని గురువు పేరు చెప్పుకొన్నాడు. చదివేటప్పుడు మనం దాటవేసేది సరిగ్గా ఈ గద్యాన్నే. కథ అయిపోయిందని పుట తిప్పేస్తాం. కవి సంతకం పెట్టిన చోటును వదలి, కవి ఎవరని వాదించుకొంటాం.

కనుక విద్యార్థులకు మా సూచన ఇది. ఒక కవి పేరు ఎదురైనప్పుడు మొదట గద్యం చూడండి. అక్కడ తండ్రి పేరు దొరుకుతుంది. రెండవది, అవతారికలో కృతిభర్త ఎవరో చూడండి. కృతిభర్త రాజో మంత్రో అయితే శాసనాల ద్వారా కాలం తెలిసే అవకాశం ఉంది. మూడవది, కవి ఎవరిని స్తుతించాడో, తరువాతివారిలో ఎవరు ఇతనిని స్తుతించారో చూడండి. దానితో ముందువెనుకల హద్దులు ఏర్పడతాయి. భాషాశైలుల పోలికను చివరకు ఉంచండి. శైలి ఒకేలా ఉందన్న మాట చాలాసార్లు మన ఇష్టాన్ని చెబుతుంది గాని, కవిని చెప్పదు. ఈ నాలుగూ ఒకే మనిషిని చూపితే కలపండి. రెండు చోట్ల విరోధిస్తే విడదీయండి. ఏదీ తేలకపోతే రెండు పేర్లనూ పక్కపక్కన ఉంచి ఊరుకోవడం పాండిత్యానికి లోటు కాదు.

తెలుగునేలకు బయట చదివేవారికి మరొక జాగ్రత్త అవసరం. ఇంటిపేరు చివర ఉండే ప్రాంతాలలో మన పేర్లు తారుమారవుతాయి. పేరులోని చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకొనే పట్టికలో రాయప్రోలు సుబ్బారావు గారూ, ఎంకిపాటల నండూరి సుబ్బారావు గారూ ఇద్దరూ రావు అన్న మాట కింద చేరతారు. అప్పుడు ముందున్న ఒక అక్షరం తప్ప వారిని వేరు చేసేది ఏమీ మిగలదు. పాత కవులను కాపాడిన ఇంటిపేరు కొత్త కవుల దగ్గర ఒక పొడి అక్షరమైపోయింది. కనుక మీ వ్యాసాలలో, మీ పట్టికలలో ఇంటిపేరును పూర్తిగా వ్రాయండి. మడికి సింగన, ఏర్చూరి సింగన, ఘంట సింగయ అని వ్రాయడానికి పట్టేది మరొక్క మాట చోటే.

చివరగా మడికి సింగన సకలనీతి సమ్మతాన్ని గురించి ఒక మాట. అది ఆయన స్వంత కావ్యం కాదు, పూర్వ నీతిగ్రంథాల నుండి పద్యాలు ఏర్చి కూర్చిన సంకలనం. ఏ పద్యం ఏ గ్రంథంలోనిదో ఆయన చెప్పాడు. ముద్రామాత్యం వంటి గ్రంథాలు పోయినా వాటి పద్యాలు కొన్ని, పేరుతో సహా, మనకు మిగిలింది అందువల్లనే. రామగిరిలో కూర్చుని ఆయన చేసిన పని, అభిప్రాయాన్ని చెప్పినవాని పేరుతోనే చెప్పాలన్న బవ్లీ పండితుల నియమానికి దూరమైనదేమీ కాదు. పరుల సొమ్మును వారి పేరుతోనే దాచిపెట్టిన సింగనను, అదే పేరుగల మరొకరితో కలిపివేయడం మనకు తగదు. షష్ఠస్కంధం ఈసారి తెరిచినప్పుడు అజామిళుని కథ చదివి, స్కంధం చివరిదాకా వెళ్ళి, ఆ గద్యాన్ని కూడా చదవండి. కసువయామాత్యుని కొడుకు అక్కడ ఉన్నాడు.